కోయాలా, ఆగాలా?

చెవి, ముక్కు, గొంతు: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ టేబుల్ మీద పరిచి చూశాను. చాలావాటిలో ఒకటే ప్రశ్న: "ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, కొన్నాళ్లు ఆగి చూడొచ్చా?" ఇరవై రెండేళ్లుగా చెవి, ముక్కు, గొంతు, మెడ ఆపరేషన్లు చేస్తున్నాను. ఇంతకన్నా కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కోయడం చేతికి అలవాటవుతుంది. ఎప్పుడు కోయాలో, ఎప్పుడు ఆగాలో తెలియాలంటే మాత్రం ఏళ్ల తరబడి ఓపిగ్గా చేసిన పరిశోధనలు కావాలి. గత పది పదిహేనేళ్లలో మా విభాగంలో అలాంటివి చాలానే వచ్చాయి. కొన్ని నేను నమ్మినదాన్నే మార్చేశాయి. అందుకే ఈసారి కొన్ని జవాబులు పొడుగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: మా వారికి నాలుక పక్కన పుండు రెండు నెలలైనా మానలేదు. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. చిన్నదే, రెండు సెంటీమీటర్లు కూడా లేదు. స్కాన్‌లో మెడలో ఏమీ కనబడలేదు. అయినా నాలుకతోపాటు మెడ కూడా కోసి గ్రంథులు తీసేస్తామంటున్నారు. బాగున్న మెడను ఎందుకు కోయించుకోవాలి? (ఒక సోదరి)

జవాబు: అమ్మా, నేను పీజీ చదివే రోజుల్లో మా సీనియర్లు పంతం పట్టి వాదించుకున్న ప్రశ్న ఇది. నాలుక క్యాన్సర్ ముందుగా పాకేది మెడలోని లింఫ్ గ్రంథులకే. కొద్దిపాటి కణాలు గ్రంథిలోకి చేరితే చేతికి తగలవు, స్కాన్‌లోనూ కనబడవు. అందుకని కొందరు "నాలుకతోపాటే మెడ కూడా శుభ్రం చేసేద్దాం" అనేవారు. మిగతావాళ్లు "చాలామందికి అక్కడ ఏమీ ఉండదు, అందరి మెడా ఎందుకు కోయాలి? నెలనెలా చూద్దాం, బిళ్ల కడితే అప్పుడు తీద్దాం" అనేవారు. నేను ఈ రెండోవాళ్ల వైపు. అందులో దయ ఉందనిపించేది నాకు.

ఆ రోజుల్లోనే కుట్టుపని చేసే ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. నాలుక అంచున చిన్న పుండు. దాన్ని తీసేశాం, వారంలో ఇంటికెళ్లాడు. మెడ చూపించుకోవడానికి నెలనెలా రమ్మన్నాం. రెండు నెలలు వచ్చాడు, తర్వాత రాలేదు. ఐదో నెలలో వచ్చేసరికి దవడ కింద నిమ్మకాయంత గడ్డ. చొక్కా కాలర్ గుండీ పెట్టేసుకుని, గడ్డ కనబడకుండా కూర్చున్నాడు. అప్పుడు చేసిన ఆపరేషన్ మొదట్లో సరిపోయేదానికన్నా చాలా పెద్దది. మెడలోని పెద్ద సిరను కూడా తీసేయాల్సి వచ్చింది. ఆపైన రేడియేషన్. ఆ కాలర్ గుండీ నాకిప్పటికీ గుర్తొస్తుంది.

ఈ వాదనను తేల్చింది ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి. అక్కడ డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం 2004 నుంచి పదేళ్లపాటు, అచ్చం మీ వారిలాగే నోట్లో చిన్న క్యాన్సర్ ఉండి మెడలో ఏమీ కనబడనివాళ్లను, చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మెడ గ్రంథులు మొదటి ఆపరేషన్‌లోనే తీసేశారు. రెండో గుంపును క్రమం తప్పకుండా పరీక్షిస్తూ, గ్రంథి బయటపడినప్పుడే తీశారు. ఫలితాలు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. 500 మంది లెక్క అది. మూడేళ్ల తర్వాత మొదటి గుంపులో 80 శాతం మంది బతికి ఉన్నారు, రెండో గుంపులో 67.5 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 69.5 శాతం అయితే, రెండో గుంపులో 45.9 శాతమే. అంటే ఎనిమిది మందికి ముందే మెడ ఆపరేషన్ చేస్తే, ఆగి ఉంటే పోయే ప్రాణం ఒకటి నిలబడింది. క్యాన్సర్ సర్జరీలో ఇంత తేడా అరుదుగా చూస్తాం. తేడా అంత స్పష్టంగా కనబడబట్టే, పర్యవేక్షణ కమిటీ సలహాతో కొత్తవాళ్లను చేర్చుకోవడం అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు.

ఆ పేపర్ చదివిన రోజు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు నేను. దయ అనుకున్నది దయ కాదని అంకెల్లో చూడటం తేలిక కాదు.

మీరు డాక్టర్‌ని తప్పకుండా అడగాల్సింది పుండు ఎంత లోతుకు దిగిందని. పైకి కనబడే వెడల్పు కన్నా లోతే ముఖ్యం. మూడు మిల్లీమీటర్లకన్నా తక్కువ లోతున్న వాటిలో ముందే మెడ కోయడం వల్ల లాభం ఉందని ఆ ట్రయల్‌లో స్పష్టంగా తేలలేదు. అంతకన్నా లోతైతే మాత్రం, నా మాటగా చెబుతున్నాను, మెడ ఆపరేషన్‌కు ఒప్పుకోండి. ఇప్పుడు మెడంతా తవ్వేసే రోజులు కావు. దవడ కింద నుంచి మెడ మధ్య వరకు ఉన్న గ్రంథులనే తీస్తాం. సిర, కండరం, నరం అన్నీ ఉంచుతాం. భుజాన్ని ఎత్తించే నరం ఆ దారిలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని కాపాడినా కొన్ని వారాలు భుజం బరువుగా, చెయ్యి పైకి లేవనట్టుగా ఉండొచ్చు. గాయంలో చేరే నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ పైపు తీసిన దగ్గర్నుంచే వ్యాయామాలు మొదలుపెట్టించమని అడగండి. నొప్పి తగ్గాక చేద్దాంలే అనుకుంటే భుజం బిగుసుకుపోతుంది.

ఇదే వారం మరో ఉత్తరం వచ్చింది. వాళ్ల నాన్నగారికి గొంతు క్యాన్సర్. మెడలో పెద్ద గ్రంథులున్నాయి. కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చారు. "గ్రంథులు కరిగాయంటున్నారు, అయినా మెడ ఆపరేషన్ చేయించాలా?" అని కొడుకు అడిగారు. మెడ అదే, జవాబు మాత్రం దీనికి తిరగేసి ఉంటుంది. బ్రిటన్‌లో 564 మంది మీద చేసి 2016లో ప్రచురించిన పెట్-నెక్ అనే ట్రయల్‌లో ఒక గుంపుకు ముందే అనుకున్న ప్రకారం మెడ ఆపరేషన్ చేశారు. రెండో గుంపుకు చికిత్స ముగిసిన 12 వారాలకు పెట్-సీటీ స్కాన్ తీసి, అనుమానం మిగిలినవాళ్లకే చేశారు. మొదటి గుంపులో 221 ఆపరేషన్లు జరిగితే, రెండో గుంపులో 54 మాత్రమే. రెండేళ్లకు బతికి ఉన్నవాళ్లు 81.5 శాతం, 84.9 శాతం. ఆగి స్కాన్ చూసినవాళ్లు ఏమీ నష్టపోలేదు. కాబట్టి బాబూ, 12 వారాల స్కాన్ శుభ్రంగా ఉంటే నాన్నగారి మెడ జోలికి పోనక్కర్లేదు. ఆ స్కాన్‌ను తొందరపడి ముందే తీయించకండి. రేడియేషన్ వాపు తగ్గకముందు తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది.

ప్రశ్న: మా అన్నయ్యకు దవడ లోపల పెద్ద క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ ఇస్తే మంచిదని ఎవరో చెప్పారు. నిజమేనా? ఆపరేషన్ ఆలస్యం కాదా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: నిజమే, ఇది తాజా మార్పు. కీనోట్-689 అనే ట్రయల్ 2025లో వెలువడింది. ఆపరేషన్ చేయగలిగే స్థితిలోనే ఉన్నా బాగా ముదిరిన తల-మెడ క్యాన్సర్లున్న 714 మందిని తీసుకున్నారు. సగం మందికి పెంబ్రోలిజుమాబ్ అనే మందును ఆపరేషన్‌కు ముందు రెండుసార్లు, తర్వాత మామూలు చికిత్సతోపాటు కొన్ని నెలలు ఇచ్చారు. మూడేళ్లకు జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మందు తీసుకున్న గుంపులో 57.6 శాతం, తీసుకోని గుంపులో 46.4 శాతం. మీరు భయపడినట్టు మందు వల్ల ఆపరేషన్ చేజారిపోలేదు. ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే. 2025 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. కాకపోతే కణితిలో పీడీ-ఎల్1 అనే గుర్తు ఉన్నవాళ్లకే. కాబట్టి మీ అన్నయ్య బయాప్సీ ముక్క మీద ఆ పరీక్ష చేశారేమో ముందు కనుక్కోండి.

ఈ మందు కీమోలా జుట్టు రాల్చదు. కానీ మన రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది కాబట్టి అది థైరాయిడ్ మీదో, పేగుల మీదో, ఊపిరితిత్తుల మీదో తిరగబడొచ్చు. విరేచనాలు, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఇలాంటి మందులు అందరికీ అందుబాటులో లేవన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అందుకే టాటా మెమోరియల్ వాళ్లు 2023లో ప్రచురించిన ఇంకో ట్రయల్‌ను నేను చాలా గౌరవిస్తాను. జబ్బు తిరగబెట్టి, నయం చేసే దారి మూసుకుపోయిన 151 మందిలో సగం మందికి, అలవాటైన నోటి మందులతోపాటు నివోలుమాబ్‌ను మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. మామూలుగా ఇచ్చే మోతాదు 240 మిల్లీగ్రాములు. అందులో పన్నెండో వంతు అన్నమాట. అయినా ఏడాదికి బతికి ఉన్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఇది మీ అన్నయ్యలాంటి స్థితిలో చేసిన పరీక్ష కాదు, ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మా పాపకు పది నెలలు. పుట్టినప్పుడు చేసిన చెవి పరీక్ష పాస్ అయింది. కానీ ఎంత చప్పుడు చేసినా తిరగదు. ఇప్పుడు పెద్ద పరీక్షల్లో రెండు చెవులూ వినబడవని తేలింది. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల అమర్చే వినికిడి యంత్రం, పెడదామంటున్నారు. ఒక్క ఇంజెక్షన్‌తో పుట్టు చెవుడు పోతుందని వీడియోల్లో చూశాం. దానికోసం ఆగమంటారా? (ఒక తల్లి)

జవాబు: తల్లీ, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట "పుట్టినప్పటి పరీక్ష పాస్ అయింది" అన్నది. దాన్ని పట్టుకునే మొదలుపెడతాను.

నవజాత శిశువులకు ఎక్కువగా చేసేది ఓఏఈ పరీక్ష. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో శబ్దాన్ని పెంచే కణాలుంటాయి. అవి పనిచేస్తే చాలు, ఆ పరీక్ష పాస్ అవుతుంది. కానీ శబ్దాన్ని నరానికి అందించేవి వేరే కణాలు. వాటి నుంచి నరానికి సంకేతం దూకాలంటే ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ కావాలి. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు చెడిపోతే మైకు బాగానే ఉంటుంది, నరమూ బాగానే ఉంటుంది, రెండింటి మధ్య అతుకు దగ్గర కరెంటు ఆగిపోతుంది. అందుకే ఓఏఈ పాస్ అవుతుంది, మెదడు దాకా శబ్దం వెళ్లిందో లేదో చూసే ఏబీఆర్ పరీక్ష ఫెయిల్ అవుతుంది. మీ పాప రిపోర్టుల్లో ఈ రెండూ ఇలాగే ఉన్నాయా అని మీ డాక్టర్‌ని అడగండి. ఉంటే జన్యు పరీక్ష చేయించాల్సిందే. ఇలాంటి రిపోర్టులకు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి పరీక్ష రాకుండా ఏదీ ఖాయం చేసుకోవద్దు.

మీరు వీడియోల్లో చూసింది ఈ ఓటోఫెర్లిన్ జన్యువు గురించే. చిక్కంతా దాని పొడవుతోనే వచ్చింది. జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే ఏఏవీ అనే హానిలేని వైరస్‌లో సుమారు 4,700 అక్షరాల సందేశమే పడుతుంది. ఓటోఫెర్లిన్ సందేశం దాదాపు 6,000 అక్షరాలు. అందుకని దాన్ని రెండు ముక్కలు చేసి, రెండు వైరస్‌లలో పెట్టి, చెవిలోపల ఉండే గుండ్రటి కిటికీ లాంటి పొర గుండా పంపారు. రెండూ ఒకే కణంలోకి చేరి అక్కడ అతుక్కోవాలి. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో డాక్టర్ యిలాయ్ షు, బోస్టన్‌లోని జెంగ్-యీ చెన్ కలిసి ఆరుగురు పిల్లలకు ఒక చెవిలో ఇలా ఇచ్చారు. ఫలితాలు 2024 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆరుగురిలో ఐదుగురికి వినికిడి వచ్చింది. అదే ఏడాది, ఐదుగురు పిల్లలకు రెండు చెవుల్లోనూ ఇచ్చి చూసిన ఫలితాలు కూడా వెలువడ్డాయి. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ పిల్లలు గుర్తుపట్టగలిగారు. పుట్టు చెవుడుకు మందు ఉంటుందని నేను చదువుకునే రోజుల్లో ఎవరైనా అని ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఇప్పుడు మీ ప్రశ్న. పుట్టు చెవుడున్న పిల్లల్లో ఓటోఫెర్లిన్ వల్ల వచ్చేది నూటికి ఒకరి నుంచి ఎనిమిది మంది వరకే. మిగతా జన్యువులకు ఈ ఇంజెక్షన్ పనికిరాదు. కాబట్టి జన్యు పరీక్ష జవాబు రాకముందు ఇంజెక్షన్ గురించి కలలు కనడం వల్ల పాప రోజులు పోతాయి, అంతే. మాటలు నేర్చే మెదడు ఎదురుచూడదు. మొదటి రెండు మూడేళ్లలో శబ్దం అందకపోతే, తర్వాత ఎంత మంచి యంత్రం పెట్టినా మాట కష్టమవుతుంది. అందుకే 2020లో ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ వయసును ఏడాది నుంచి తొమ్మిది నెలలకు తగ్గించింది. మీ పాప ఆ వయసు దాటింది.

నేనైతే ఇంప్లాంట్ పనులన్నీ నడుస్తూ ఉండగానే జన్యు పరీక్షకు రక్తం ఇప్పిస్తాను. ఓటోఫెర్లిన్ అని తేలితే, జన్యు చికిత్స ట్రయల్స్ జరుగుతున్న కేంద్రంతో మీ డాక్టర్ చేత మాట్లాడించండి. నెలలో వాళ్ల నుంచి స్పష్టమైన జవాబు రాకపోతే కనీసం ఒక చెవికి ఇంప్లాంట్ పెట్టించండి. ఓటోఫెర్లిన్ పిల్లల్లో నరం బాగానే ఉంటుంది కాబట్టి ఇంప్లాంట్ చక్కగా పనిచేస్తుంది. రెండో చెవి సంగతి నిదానంగా ఆలోచించుకోవచ్చు. వేరే జన్యువని తేలితే రెండు చెవులకూ పెట్టించండి. ఈలోగా పాపతో మాట్లాడటం మానకండి. మీ ముఖం, పెదాలు, చేతులు తనకు కనబడేలా కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఏడాదికి ఆరేడుసార్లు టాన్సిల్స్ వాచి జ్వరం వస్తుంది. పెద్దయ్యాక తీయించుకోకూడదని అందరూ అంటున్నారు. (ఉద్యోగం చేసే అమ్మాయి)

జవాబు: తీయించుకోవచ్చమ్మా. పెద్దవాళ్లలో దీనివల్ల లాభమెంతో చాలాకాలం ఎవరూ సరిగ్గా కొలవలేదు. బ్రిటన్‌లో 27 ఆస్పత్రుల్లో 453 మందితో చేసిన నట్టీనా ట్రయల్ 2023లో లాన్సెట్‌లో వచ్చింది. రెండేళ్లలో గొంతునొప్పి ఉన్న రోజులు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు సుమారు 23, మందులతో సరిపెట్టుకున్నవాళ్లకు 30. ఆపరేషన్ తర్వాతి నొప్పి రోజులు కూడా ఆ 23లో కలిసే ఉన్నాయి. కానీ ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తర్వాత ఎంతో కొంత రక్తం కారింది. కాబట్టి రెండు వారాలు నిజంగా సెలవు దొరికినప్పుడే, ఆస్పత్రికి దగ్గరగా ఉండగలిగినప్పుడే పెట్టుకోండి. వారం గడిచాక కూడా రక్తం రావొచ్చు. వస్తే ఉమ్మి చూసుకుంటూ కూర్చోకుండా బయల్దేరండి.

ముక్కు దూలం వంకర గురించి అడిగిన ముగ్గురికీ కలిపి చెబుతున్నాను. ముక్కు నిజంగా మూసుకుపోయి బాధపడుతుంటే ఆపరేషన్ పనిచేస్తుంది. 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన నైరోస్ ట్రయల్‌లో 378 మందిని చూశారు. ఆరు నెలలకు బాధల స్కోరు ఆపరేషన్ గుంపులో 19.9, స్ప్రేలు వాడిన గుంపులో 39.5. తక్కువ స్కోరు అంటే బాధ తక్కువ. స్కాన్‌లో వంకర కనబడింది కానీ గాలి బాగానే ఆడుతోంది అంటే మాత్రం దాన్ని అలాగే వదిలేయండి.

ప్రశ్న: మా అమ్మకు 72. పిలిస్తే పలకదు, టీవీ సౌండ్ బాగా పెంచుతుంది. వినికిడి మిషన్ పెట్టుకోమంటే "నాకేం అక్కర్లేదు" అంటుంది. చెవుడు ముదిరితే మతిమరుపు జబ్బు వస్తుందని చదివి టెన్షన్‌గా ఉంది. (ఒక కొడుకు)

జవాబు: భయపెట్టి మిషన్ పెట్టించకండి. ముందు నిజమేంటో చెబుతాను. 2024లో లాన్సెట్ కమిషన్, మనం మార్చుకోగలిగిన 14 కారణాల వల్ల డిమెన్షియా పెరుగుతుందని లెక్క కట్టింది. వాటిలో వినికిడి లోపం పెద్ద కారణాల్లో ఒకటి. అయితే మిషన్ పెడితే మతిమరుపు ఆగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికోసం అమెరికాలో డాక్టర్ ఫ్రాంక్ లిన్ బృందం 70 నుంచి 84 ఏళ్ల మధ్యవాళ్లు 977 మందితో అచీవ్ అనే ట్రయల్ చేసింది. 2023లో ఫలితాలు వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే మూడేళ్లలో తేడా కనబడలేదు. కానీ అప్పటికే గుండె జబ్బుల అధ్యయనంలో ఉన్న 238 మందిని విడిగా చూసినప్పుడు, మిషన్ పెట్టుకున్నవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. వాళ్లు మిగతావాళ్లకన్నా వయసులో పెద్దవాళ్లు, బీపీ, షుగర్ లాంటివి ఎక్కువ ఉన్నవాళ్లు. పత్రికలు ఆ 48 శాతాన్నే పెద్ద అక్షరాల్లో వేశాయి. మొత్తం మీద తేడా లేదన్న మాట కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

మిషన్ పెట్టించడానికి మతిమరుపు భయం అక్కర్లేదు, అమ్మ మళ్లీ మాటల్లో కలవడం చాలు. మా నాన్న ఐదేళ్లు మిషన్‌ను డ్రాయర్‌లోనే ఉంచారు. నేను చెవి డాక్టర్ని అయి ఉండీ, ఇచ్చేసి నా పని అయిపోయిందనుకున్నాను. పెట్టుకుంటే పళ్లేల చప్పుడు, ఫ్యాన్ చప్పుడు చెవిలో మోత మోగుతాయని ఆయన చెప్పినా వినలేదు నేను. చివరికి మా ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసి మిషన్లు అమర్చే నిపుణురాలు) కూర్చుని నాలుగుసార్లు ట్యూన్ చేసింది. మొదటి వారం రోజుకు ఒక గంట, అదీ ఇంట్లో ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రమే పెట్టుకోమంది. నెల తిరిగేసరికి ఆయనే వెతుక్కుని పెట్టుకునేవారు. అచీవ్ ట్రయల్‌లో కూడా మిషన్ చేతికిచ్చి పంపేయలేదు, ఆడియాలజిస్ట్ పలుమార్లు కలిసి నేర్పించారు. కాబట్టి అమ్మను ఒక్కసారి తీసుకెళ్లి ఊరుకోకండి. మొదటి రెండు నెలల్లో నాలుగైదుసార్లు తిరగాలి అనుకునే మొదలుపెట్టండి. దానికన్నా ముందు చెవిలో గుబిలి ఉందేమో చూపించండి.

ప్రశ్న: వేరే కారణానికి స్కాన్ తీస్తే థైరాయిడ్‌లో 7 మిల్లీమీటర్ల గడ్డ కనబడింది. సూదితో పరీక్షిస్తే పాపిల్లరీ క్యాన్సర్ అన్నారు. నాకు 58. ఆపరేషన్ లేకుండా చూస్తూ ఉండొచ్చని ఒక డాక్టర్ అంటే మా ఇంట్లో అందరూ కోప్పడ్డారు. (రిటైర్‌మెంట్‌కు దగ్గరలో ఉన్న పాఠకుడు)

జవాబు: ఆ డాక్టర్ చెప్పింది అశ్రద్ధతో కాదు. జపాన్‌లో కోబేలోని కుమా ఆస్పత్రిలో డాక్టర్ అకిరా మియాఉచి 1993లోనే ఈ పద్ధతి మొదలుపెట్టారు. సెంటీమీటర్ లోపు పాపిల్లరీ క్యాన్సర్లను తీయకుండా, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ వచ్చారు. 1,235 మంది లెక్కలు 2014లో ప్రచురించారు. పదేళ్లలో గడ్డ మూడు మిల్లీమీటర్లు పెరిగింది సుమారు 8 శాతం మందిలో. మెడ గ్రంథికి పాకింది 3.8 శాతం మందిలో. థైరాయిడ్ క్యాన్సర్ వల్ల ఒక్కరూ చనిపోలేదు. పెరిగినవాళ్లకు అప్పుడు ఆపరేషన్ చేస్తే సరిపోయింది. వయసు పెద్దదయ్యేకొద్దీ ఇది పెరగడం తక్కువ. మీ 58 ఇక్కడ మీకు మేలే.

నాలుక క్యాన్సర్‌కు ఆగొద్దన్న నేనే ఇక్కడ ఆగొచ్చంటున్నాను. రెండింటికీ క్యాన్సర్ అనే పేరే పెట్టారు గానీ నడవడి వేరు. అయితే గడ్డ గొంతు నరానికి ఆనుకుని ఉన్నా, శ్వాసనాళాన్ని అంటుకున్నా, గ్రంథులు కనబడినా ఆగకూడదు. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ఈ మూడూ రాశారో లేదో చూడండి. మొదట ఆరు నెలలకొకసారి, తర్వాత ఏడాదికొకసారి స్కాన్‌కు తప్పకుండా వెళ్తానన్న నమ్మకం మీకుండాలి. లోపల క్యాన్సర్ ఉందన్న ఆలోచనతో రాత్రుళ్లు నిద్ర పట్టదంటే ఆపరేషన్ చేయించుకోండి, అది కూడా తప్పు నిర్ణయం కాదు. ఇంట్లోవాళ్లను ఒకసారి డాక్టర్ దగ్గరకు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి త్రేనుపు రాదు. కడుపు ఉబ్బి గొంతులో కప్ప అరిచినట్టు శబ్దాలొస్తాయి. గ్యాస్ మందులు వాడీ వాడీ విసిగిపోయాను. (ఒక విద్యార్థి)

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను, ఎందుకంటే దీనికి ఇప్పుడు పేరుంది, వైద్యం ఉంది. అన్నవాహిక పైన ఉంగరంలా ఉండే కండరం కింది నుంచి గాలి వచ్చినప్పుడు వదులు కావాలి. కొందరిలో అది వదులు కాదు. అమెరికాలో డాక్టర్ రాబర్ట్ బాస్టియన్ 2019లో 51 మంది పేషెంట్ల గురించి రాసి దీన్ని వెలుగులోకి తెచ్చారు. ఆ కండరంలోకి బోటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే దాదాపు అందరికీ త్రేనుపు వచ్చింది. మందు ప్రభావం నెలల్లో తగ్గిపోయినా చాలామందికి ఆ అలవాటు నిలిచిపోయింది. మొదటి కొన్ని వారాలు గుటక కొంచెం నెమ్మదిస్తుంది. స్వరపేటిక సమస్యలు చూసే ఈఎన్‌టీ సర్జన్‌ను కలవండి. మీ ఉత్తరంలో రాసిన మాటలే ఆయనకూ చెప్పండి, వాటితోనే సగం రోగనిర్ధారణ అయిపోతుంది.

ప్రశ్న: ఐదు రోజుల క్రితం పొద్దున లేచేసరికి కుడి చెవి మూసుకుపోయినట్టుంది. లోపల హోరు. గుబిలి అయి ఉంటుందని చుక్కలు వేస్తున్నాను. తగ్గుతుందా? (ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరం చేరిన రోజే పత్రిక ఆఫీసు నుంచి మీకు ఫోన్ చేయించాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఒక్కసారిగా, ఒకటి రెండు రోజుల్లో ఒక చెవి వినికిడి పోతే అది నరానికి సంబంధించిన అత్యవసర సమస్య కావొచ్చు. స్టెరాయిడ్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. ఎంత మోతాదు అన్న అనుమానం కూడా ఈమధ్య తీరింది. జర్మనీలో 325 మందితో చేసిన హోడోకోర్ట్ ట్రయల్ 2024లో వచ్చింది. సెలైన్‌లో పెద్ద మోతాదులు ఎక్కించినా, మామూలుగా ఇచ్చే 60 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చినా వినికిడి ఒకేలా మెరుగుపడింది. పెద్ద మోతాదులో ఇబ్బందులు మాత్రం పెరిగాయి. అలాగని మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. షుగర్ ఉంటే ప్రమాదం, అదీకాక వినికిడి పరీక్ష లేకుండా ఏం తగ్గిందో, ఎంత తగ్గిందో తెలియదు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని "మ్మ్‌మ్" అని గొంతులోంచి శబ్దం చేయండి. అది మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినబడితే గుబిలో, జలుబుతో చేరిన నీరో అయి ఉండొచ్చు. బాగున్న చెవి వైపు వినబడితే నరం దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. చుక్కల సీసా పక్కన పెట్టి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించమని అడగండి.